పాత పెట్రోల్ జీపుతో వాగు దాటాలంటే: డెల్కోలోకి నీళ్లు పోకుండా చూసుకునే పద్ధతి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సిరోంచ నుంచి ఆలపల్లి, అక్కడి నుంచి భామ్రాగడ్ దాకా వానాకాలంలో బండి తోలేవాళ్లకు వాగు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి నడుము దాకా వస్తుంది. డీజిల్ బండ్లు గాలి పీల్చే గొట్టం మునగనంత వరకు దాటుకుంటూ పోతాయి. అదే వాగులో పాత పెట్రోల్ జీపో మారుతి జిప్సీయో దిగితే, నడిమధ్యకు పోయాక రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ ఉంటుంది, బ్యాటరీ బాగుంటుంది, సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది. స్పార్క్ ఒక్కటే ఉండదు.

ఆ స్పార్క్‌ను కాపాడుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఖర్చు పెద్దగా లేదు, ఓపిక మాత్రం కావాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు, సిలికాన్ ఆరడానికే ఒక రోజు పడుతుంది. మే నెలలోనే మొదలుపెడితే మృగశిర కార్తె వచ్చేసరికి బండి తయారుగా ఉంటుంది.

ముందే ఒక మాట. ఇది వాగుల కోసం, నదుల కోసం కాదు. ప్రాణహితను, ఇంద్రావతిని జీపుతో దాటే ఆలోచన చేయకండి. భామ్రాగడ్ దగ్గర పర్లకోట నది పొంగి రోడ్డు మునిగినప్పుడు, బండి ఎంత తయారుగా ఉన్నా ఆగాల్సిందే. జోరుగా పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతుంటే చాలు, చిన్న కారును నెట్టేస్తాయి. 60 సెంటీమీటర్లుంటే చాలా బండ్లు నిలవవు. మనం మాట్లాడేది నిదానంగా కదిలే నీళ్లు, గట్టి అడుగు ఉన్న చోట్ల గురించి.

ఏ బండ్లకు పనికొస్తుంది

మహీంద్రా సీజే-3బి పెట్రోల్ జీపు, మిలిటరీ వేలంలో కొన్న జోంగా, 1985లో మొదలైన కార్బురేటర్ జిప్సీ. వీటన్నిటికీ కాయిల్ ఉంటుంది, స్పార్క్‌ను వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, అందులోంచి ప్లగ్గులకు వైర్లు పోతాయి. మన మెకానిక్‌లు డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను. జీపుకు డీజిల్ ఇంజిన్ ఎక్కించి ఉంటే ఇదంతా మీకు అక్కర్లేదు, ఎయిర్ క్లీనర్ ఎత్తు ఒక్కటి చూసుకోండి. ఎంపీఎఫ్ఐ జిప్సీ, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కన పెట్రోల్ చిమ్మే రకం అయితే సెన్సార్లు, కంప్యూటర్ బాక్సు వేరే కథ. దానికి ఈ పద్ధతి సగమే సరిపోతుంది.

నీళ్లు స్పార్క్‌ను ఎలా తినేస్తాయి

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 15 వేలు, 20 వేల వోల్టుల దాకా పెంచుతుంది. ఆ కరెంటు డెల్కో క్యాప్ నడిమి గూట్లోకి దిగి, లోపల తిరిగే రోటర్ మీదుగా ఒక్కో ప్లగ్ వైర్‌లోకి దూకుతుంది. అంత వోల్టేజీ ఎటు తేలికైన దారి దొరికితే అటు పోతుంది. పొడిగా ఉన్నప్పుడు దానికి ప్లగ్ గ్యాప్ ఒక్కటే దారి. క్యాప్ మీద బురద నీళ్ల పొర పడిందంటే ఆ తడి మీదుగా బాడీకి పారిపోతుంది, ప్లగ్ దాకా చేరదు.

అదే 12 వోల్టుల వైపు, అంటే బ్యాటరీ, కీ స్విచ్, కాయిల్ చిన్న వైర్లు కాసేపు తడిసినా పనిచేస్తూనే ఉంటాయి. వాటికి తుప్పు బాధ తర్వాత వస్తుంది గానీ వాగు మధ్యలో బండిని ఆపేది అవి కాదు. కాబట్టి మీ శ్రమలో ముప్పాతిక భాగం కాయిల్ మూతి నుంచి ప్లగ్ దాకా ఉన్న ఆ పెద్ద వోల్టేజీ దారి మీదే పెట్టండి.

చాలామంది ఇక్కడిదాకా అర్థం చేసుకుని, క్యాప్ చుట్టూ గ్రీజు మెత్తి, పైన పాలిథిన్ సంచి కట్టి వాగులో దిగుతారు. అయినా ఆగిపోతుంది. తెరిచి చూస్తే క్యాప్ బయటకన్నా లోపలే ఎక్కువ తడిగా ఉంటుంది. ఆ నీళ్లు లోపలికి ఎలా వచ్చాయన్నదే అసలు సంగతి.

నడిచొచ్చిన ఇంజిన్ పక్కన డెల్కో లోపలి గాలి 80 డిగ్రీలదాకా వేడెక్కి ఉంటుంది. అది ఒక్కసారిగా 25 డిగ్రీల వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి దాదాపు ఆరో వంతు ముడుచుకుంటుంది. వేడి గిన్నెను నీళ్లలో బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కినట్టే, డెల్కో కూడా నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఆ పీల్పు బలం ఎంతంటే, గట్టిగా మూసేసిన డబ్బాను ఒకటిన్నర మీటర్ల లోతు నీళ్లు నెట్టేంత. మీ డెల్కో మునిగేది మహా అయితే అర మీటరు. అంటే లోతు వల్ల వచ్చే ఒత్తిడికన్నా, వేడి తగ్గడం వల్ల వచ్చే పీల్పు మూడు రెట్లు ఎక్కువ. అంత పీల్పును ఏ గ్రీజూ ఆపలేదు. వెంట్రుకంత సందు దొరికినా అందులోంచే లాగుతుంది.

అందుకే మూయడం సగం పనే. డెల్కోకు పైనుంచి పొడి గాలి అందేలా ఒక గొట్టం పెట్టడం మిగతా సగం. లోపలి గాలి ముడుచుకున్నప్పుడు నీళ్ల బదులు ఆ గొట్టంలోంచి గాలి వస్తుంది. పీల్పే ఉండదు కాబట్టి, చిన్నచిన్న సందులున్నా నీళ్లు అంత తేలిగ్గా చొరబడవు. 1950 ప్రాంతంలో అమెరికా సైన్యానికి వచ్చిన ఎం38 విల్లీస్ జీపులో డెల్కోను మూసేసి ఊరుకోలేదు, దానికి గాలి గొట్టాలు కూడా పెట్టారు.

గాలి అందడానికి ఇంకో కారణం ఉంది. రోటర్ నుంచి దూకే ప్రతి నిప్పురవ్వా కొంచెం ఓజోన్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను పుట్టిస్తుంది. బయటికి పోయే దారి లేకపోతే లోపలి తేమతో కలిసి అది ఆమ్లమై రాగి, ఇత్తడి ముక్కలను పచ్చగా తుప్పు పట్టిస్తుంది. మామూలు డెల్కోలకు కంపెనీవాళ్లు చిన్న రంధ్రాలు వదిలేది ఇందుకే.

ముందు పాతవి పరీక్షించండి

పగిలిన వైరుకు ఎంత గ్రీజు రాసినా ఉపయోగం లేదు. కాబట్టి ఏమీ కొనకముందే ఈ పరీక్ష చేయండి. చీకటి పడ్డాక బండిని ఆరుబయట పెట్టి, బోనెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి నిదానంగా తిరగనివ్వండి. లైట్లన్నీ ఆర్పేయండి. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి వైర్ల మీద, క్యాప్ మీద, కాయిల్ మూతి మీద సన్నగా చల్లండి. ఎక్కడ లీకు ఉంటే అక్కడ నీలం రంగు రవ్వలు కనిపిస్తాయి, చిటపట శబ్దం వినిపిస్తుంది. కొన్ని బండ్లలో వైరు పొడవునా సన్నటి నీలి వెలుగు పాకుతుంది. అలాంటి వైర్లు మొత్తం సెట్ మార్చాల్సిందే.

చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి. చొక్కా చేతులు, కండువా ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వద్దు.

తర్వాత ఇంజిన్ ఆపి క్యాప్ తీసి వెలుతురులో తిప్పితిప్పి చూడండి. లోపల ఒక కొన నుంచి ఇంకో కొనకు, లేదా అంచు దాకా సన్నటి నల్ల గీత కనిపిస్తే, అది కరెంటు పాకిన జాడ. ఆ గీత బొగ్గు. క్యాప్ ఆరాక కూడా అది కరెంటును దాటిస్తూనే ఉంటుంది. గోకితే పోదు, ఆ క్యాప్‌ను పక్కన పడేయండి. రోటర్ మీద కూడా ఇలాంటి గీత ఉందేమో చూడండి. నడిమి గూటి లోపలి బొగ్గు ముక్క స్ప్రింగ్ మీద ఆడుతోందా, అరిగిపోయిందా అన్నదీ చూసుకోండి.

డెల్కో లోపల కాయిల్ కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే ప్లాటినం పాయింట్లు, వాటి కండెన్సర్ పాతబడితే ఇప్పుడే మార్చేయండి. డెల్కో మూసేశాక మళ్లీమళ్లీ తెరవాలనిపించదు. సీజే-3బికి పాయింట్ గ్యాప్ 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడండి, పోస్ట్ కార్డు దూర్చి చూసే లెక్కలు వద్దు. మిగతా బండ్లకు వాటి పుస్తకంలో ఉన్నది పాటించండి.

ఏమేం కావాలి

కొత్త క్యాప్, రోటర్, సిలికాన్ తొడుగున్న ప్లగ్ వైర్లు, వాటి రెండు కొనలకు మంచి రబ్బర్ బూట్లు, అంటే వైరు కొనను కప్పే తొడుగులు. ఒక చిన్న ట్యూబు సిలికాన్ గ్రీజు. ఒక ట్యూబు ఆర్టీవీ సిలికాన్, అంటే పూశాక ఆరి రబ్బరులా గట్టిపడే రకం. రెండు ఇత్తడి నిపుల్స్, అంటే పైపు తొడిగే చిన్న గొట్టపు ముక్కలు, వాటికి సరిపోయే ఆరు మిల్లీమీటర్ల పెట్రోల్ పైపు మూడు నాలుగు మీటర్లు, చిన్న క్లాంపులు, రెండు ప్లాస్టిక్ పెట్రోల్ ఫిల్టర్లు. పాత సైకిల్ ట్యూబు ముక్క. సిరోంచలో దొరకనివి మంచిర్యాలలోనో చంద్రపూర్‌లోనో దొరుకుతాయి.

రెండు విషయాల్లో జాగ్రత్త. ఆర్టీవీ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన డెల్కోలో రాగికి, పాయింట్లకు అది చేటు. వాసన లేని న్యూట్రల్ రకం అడగండి. రెండోది, మామూలు బేరింగ్ గ్రీజును రబ్బర్ బూట్లకు రాయకండి. రబ్బరు ఉబ్బి వదులైపోతుంది. సిలికాన్ గ్రీజుతో ఆ బాధ లేదు. కానీ ఆ సిలికాన్ గ్రీజును ప్లాటినం పాయింట్ల దగ్గరికి మాత్రం రానివ్వద్దు. పాయింట్ల రవ్వకు అది కాలి, కరెంటు పారని గట్టి పొర కడుతుంది.

ఇన్సులేషన్ టేపు జాబితాలో లేదు, కావాలనే వదిలేశాను. టేపు చుట్టిన వైరు బయటికి భద్రంగా కనిపిస్తుంది గానీ, ఒకసారి నీళ్లు దాని కిందికి పోతే వారం దాకా ఆరదు. వైర్లన్నిటినీ కలిపి ఒకే ట్యూబులో దూర్చి కట్టడం కూడా మంచిది కాదు. పక్కపక్కనే ఆనుకుని ఉన్న వైర్లలో ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి పాకి, వంతు కాని సిలిండర్లో స్పార్క్ పడుతుంది.

డెల్కో పని

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ప్లగ్ వైర్లకు నంబర్లు కట్టండి. సీజే-3బికైనా జిప్సీకైనా సిలిండర్లలో స్పార్క్ పడే వరస 1-3-4-2. క్యాప్ తీసి, రోటర్ ఎటు చూస్తోందో డెల్కో అంచు మీద, డెల్కో ఎలా కూర్చుందో ఇంజిన్ మీద మేకుతో గీత గీయండి. ఫోన్లో ఫొటో కూడా తీసుకోండి. డెల్కోను బయటికి తీశాక ఇంజిన్‌ను తిప్పకండి, తిప్పితే టైమింగ్, అంటే స్పార్క్ పడే అదను మొదటినుంచి పట్టాల్సి వస్తుంది.

బల్ల మీద పెట్టి పాయింట్లు, ప్లేటు విప్పి ఒక డబ్బాలో పెట్టుకోండి. ఖాళీ బాడీని కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. ఇప్పుడు దాని చుట్టూ ఉన్న రంధ్రాలు వెతకండి. చాలా డెల్కోలకు అడుగున చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది. దాన్నే కొంచెం పెద్దది చేసి ఒక నిపుల్ బిగించుకోవచ్చు. రెండో నిపుల్ కోసం దానికి ఎదురు వైపున, కొంచెం పైగా డ్రిల్ వేయండి. నిపుల్ లోపలికి పొడుచుకొచ్చి, పాయింట్లు కూర్చునే అడ్వాన్స్ ప్లేటుకు తగలకూడదు. వేసేముందు ప్లేటును ఒకసారి ఉత్తినే కూర్చోబెట్టి, చేత్తో తిప్పి చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. డ్రిల్ వేశాక ఇత్తడి, అల్యూమినియం రజను ఒక్క రేణువు కూడా మిగలకుండా ఊదేయండి. ఆ రజను కూడా కరెంటును దాటిస్తుంది.

నిపుల్స్‌ను ఎం-సీల్‌తో గట్టిగా కూర్చోబెట్టండి. వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా బాడీకి ఆనే చోట, పాయింట్లకు వచ్చే చిన్న వైరు లోపలికి దూరే చోట ఆర్టీవీ పూయండి. అడుగున ఇంజిన్‌లో కూర్చునే చోట కొత్త ఓ-రింగ్ వేయండి. పాత ఓ-రింగ్ ఎండి గట్టిపడి ఉంటుంది, దాన్ని నమ్మకండి.

ఇక క్యాప్ అంచు. ఇక్కడ నేరుగా ఆర్టీవీ పూసి క్యాప్ అంటిస్తే పాయింట్లు చూడాలన్న ప్రతిసారీ చాకుతో కోయాల్సి వస్తుంది. అలా కాకుండా, క్యాప్ అంచుకు సిలికాన్ గ్రీజు వేలితో ఉందా లేదా అన్నంత పల్చగా రాయండి. డెల్కో బాడీ అంచును పెట్రోల్ గుడ్డతో తుడిచి, దాని మీద ఆర్టీవీని సన్నటి తాడు మందంలో ఎక్కడా తెగకుండా చుట్టూ పూయండి. క్యాప్ పెట్టి, క్లిప్పులు బిగించి, ఒక రోజు వదిలేయండి. గ్రీజు ఉన్న వైపు అంటుకోదు, బాడీ వైపు అతుక్కుంటుంది. మర్నాడు క్యాప్ తీస్తే దాని అంచు అచ్చు పడిన మెత్తని రబ్బరు గాస్కెట్ తయారై ఉంటుంది. లోపలికి ఒలికిన ముక్కలను బ్లేడుతో కోసేయండి. దాని వల్ల క్యాప్ కొంచెం పైకి లేస్తుంది కాబట్టి, నడిమి బొగ్గు ముక్క రోటర్‌ను ఇంకా తాకుతోందో లేదో తప్పకుండా చూడండి. తాకకపోతే గాస్కెట్ మందం ఎక్కువైనట్టే, పల్చగా మళ్లీ వేసుకోవాలి.

పాయింట్లు, ప్లేటు తిరిగి బిగించాక, బండికి ఎక్కించే ముందే బకెట్ పరీక్ష చేయండి. క్యాప్ పెట్టి, గూళ్లలో వైర్లు బూట్లతో సహా దిగ్గొట్టి, ఒక నిపుల్‌ను మూసేయండి. రెండో నిపుల్‌కు పైపు తగిలించి, డెల్కోను బకెట్ నీళ్లలో ముంచి నోటితో మెల్లగా ఊదండి. బుడగలు ఎక్కడినుంచి వస్తే లీకు అక్కడ ఉన్నట్టు. అడుగున షాఫ్ట్ బుష్ దగ్గర వచ్చే బుడగలను పట్టించుకోకండి, ఆ భాగం బండిలో ఇంజిన్ లోపలికి పోతుంది. ఊదుతున్నంతసేపూ లోపలికి నీళ్లు రావు, కాబట్టి పైకి తీసేదాకా ఊదడం ఆపకండి. మిగతా చోట్ల బుడగలు ఆగేదాకా సరిచేసుకుని, ఆరబెట్టి, గీతలు కలిపి బండికి ఎక్కించండి. టైమింగ్ లైట్ ఉన్న మెకానిక్ దగ్గర ఒకసారి చూపించుకుంటే మంచిది.

గాలి గొట్టాలు

రెండు నిపుల్స్‌కు రెండు పైపులు తగిలించి, ఫైర్‌వాల్ వెంట పైకి తీసుకెళ్లి, జీపు అయితే అద్దం ఫ్రేమ్ దాకా, జిప్సీ అయితే డాష్‌బోర్డు వెనక వీలైనంత ఎత్తుకు చేర్చండి. కొనలకు పెట్రోల్ ఫిల్టర్లు తగిలించి మూతి కిందికి వంచండి, వాన చినుకు దూరదు, దుమ్ము ఆగుతుంది. పైపు మధ్యలో ఎక్కడా కిందికి వేలాడి లోయలా పడకూడదు. అక్కడ చెమ్మ చేరి గాలిని అడ్డుకుంటుంది. సైలెన్సర్ గొట్టానికి, మానిఫోల్డ్‌కు దూరంగా కట్టండి.

కొందరు ఈ పైపును ఇంజిన్ వాక్యూమ్‌కు కలిపితే లోపలి చెమ్మను అదే లాగేస్తుందంటారు. నా సలహా వద్దు. ఎక్కడైనా చిన్న లీకు ఉంటే ఆ వాక్యూమే వాగు నీళ్లను డెల్కోలోకి లాగుతుంది. కార్బురేటర్ పక్కన ఎయిర్ క్లీనర్‌కు కలిపితే పెట్రోల్ ఆవిరి నిప్పురవ్వల దగ్గరికి వచ్చే ప్రమాదం ఉంది. రెండు గొట్టాలూ బయటి గాలికి తెరిచి ఉంచడమే మేలు.

వైర్లు, ప్లగ్గులు, కాయిల్

ప్రతి బూటు లోపల సిలికాన్ గ్రీజు పల్చగా రాసి గూటి మీదికి దిగ్గొట్టండి. గ్రీజు వల్ల లోపల గాలి చిక్కుకుని బూటు మెల్లగా పైకి లేస్తుంటుంది. మొద్దు కొన ఉన్న సన్నటి పుల్లను బూటు అంచులో దూర్చి, ఆ గాలి తుస్సుమని పోయాక పుల్ల లాగేస్తే బూటు కదలకుండా కూర్చుంటుంది. వదులుగా అనిపిస్తే మీద సైకిల్ ట్యూబు ముక్కను రింగులా తొడగండి.

ప్లగ్గుల తెల్ల పింగాణీని పెట్రోల్‌తో తుడిచి, దాని మీదా అదే గ్రీజు. పింగాణీకి జుట్టంత పగులున్నా ఆ ప్లగ్గు వద్దు.

కాయిల్ ఇంజిన్ పక్కన కింద ఉంటే, విప్పి ఫైర్‌వాల్ మీద ఎత్తైన చోటికి మార్చండి. దాని నడిమి మూతికి కూడా గ్రీజు రాసిన బూటు తొడగండి. చిన్న వైర్ల నట్లకు వాసెలిన్ రాస్తే తుప్పు పట్టవు. జిప్సీ కింగ్‌లో డెల్కో హెడ్ వెనకాల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి అది పూర్తిగా మునగడం అరుదు, దానికి ఫ్యాన్ కొట్టే నీళ్లే పెద్ద శత్రువు.

అంతా అయ్యాక ఇంజిన్‌ను బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, డెల్కో మీద బకెట్‌తో చల్లటి నీళ్లు రెండు మూడు నిమిషాలు పోయండి. వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడనివ్వకండి, పోత ఇనుము పగులుతుంది. పైన తుడిచి, క్యాప్ తీసి లోపల టిష్యూ కాగితంతో అద్దండి. కాగితం పొడిగా వస్తే మీ పని కుదిరింది.

వాగు దగ్గర

స్పార్క్ కాపాడుకున్నా ఎయిర్ క్లీనర్ మునిగితే ఇంజిన్ నీళ్లు మింగుతుంది, కాబట్టి దాని మూతి ఎత్తే మీ అసలు హద్దు. దానికన్నా ఒక జానెడు తక్కువ లోతు దాకానే పోండి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ గాలి పీల్చుకునే రంధ్రాలకు (బ్రీదర్లకు) కూడా పైపులు పైకి తీయించుకోండి. వేడి ఆక్సిల్ చల్లటి నీళ్లలో పడితే అదీ డెల్కోలాగే పీల్చుకుంటుంది.

గట్టున బండి ఆపి బోనెట్ ఎత్తి పది నిమిషాలు చల్లారనివ్వండి. ఆలోగా కర్ర పట్టుకుని ఒకరు నడిచి చూడాలి. నడుము దాటినా, కాళ్లు నిలవకపోయినా వెనక్కి తిరగండి. సిరోంచ చుట్టుపక్కల ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ చినుకు పడకపోయినా గోదావరి, ప్రాణహిత పోటు మీదుంటే వాగుల నీళ్లు వెనక్కి తన్నుతాయి. నీళ్లు కదలకుండా ప్రశాంతంగా కనిపిస్తాయి, లోతు మాత్రం నిన్నటికి రెట్టింపు ఉంటుంది. నిన్న దాటామన్న ధీమా ఇవాళ పనికిరాదు.

లోతు ఫ్యాన్‌ను అందుకునేలా ఉంటే ఫ్యాన్ బెల్టు తీసేయండి. లేకపోతే ఫ్యాన్ నీళ్లను ఇంజిన్ మీదికి చిమ్ముతుంది, రెక్కలు వంగి రేడియేటర్‌కు తగిలే ప్రమాదమూ ఉంది. బెల్టు తీస్తే వాటర్ పంపు కూడా తిరగదు కాబట్టి అవతలి గట్టు చేరగానే మళ్లీ వేయాలి. ముందు గ్రిల్ మీద టార్పాలిన్ కడితే ఇంజిన్ దగ్గర నీటి మట్టం తగ్గుతుంది. అందరూ సీటు బెల్టులు విప్పేసి, తలుపుల అద్దాలు దించి కూర్చోండి.

ఫోర్ వీల్ లో రేంజ్‌లో, ఫస్టో సెకండో వేసి, ఒకే వేగంతో పోండి. మధ్యలో గేరు మార్చొద్దు, యాక్సిలరేటర్ వదలొద్దు.

ఇంజిన్ ఆగితే ఎలా ఆగిందో గమనించండి. దగ్గుతూ, ఒక్కో సిలిండర్ వదిలేస్తూ ఆగితే స్పార్క్ పోయినట్టు. ఠక్కున బిగుసుకుపోయినట్టు ఆగితే నీళ్లు మింగినట్టు. రెండోదైతే సెల్ఫ్ కొట్టకండి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని తాడుతో బయటికి లాగి, ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టాకే ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి కొట్టించండి. మొదటిదైనా ముందు బయటికి లాగించుకోవడమే మంచిది. గట్టున క్యాప్ తీసి పొడి నూలు గుడ్డతో లోపల, రోటర్ మీద, పాయింట్ల మధ్య తుడవండి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొడితే క్యాప్ కాసేపు తెరిచి ఉంచి ఆవిరి పోనివ్వండి. కొట్టిన వెంటనే మూసి స్టార్ట్ చేస్తే ఆ ఆవిరి లోపలే అంటుకుని క్యాప్ పగులుతుంది. ఒక క్యాప్, రోటర్, కండెన్సర్, పాయింట్ల సెట్ జిప్ కవర్లో వేసి ఎప్పుడూ బండిలో ఉంచుకోండి.

అవతలికి చేరాక బ్రేకు పెడల్ మీద కొంచెం ఒత్తి పెట్టి కొంత దూరం నడిపితే డ్రమ్ములు ఆరుతాయి. ఇంటికొచ్చాక ఇంజిన్, గేర్‌బాక్స్, ఆక్సిల్ ఆయిళ్లు చూడండి. పాలరంగు తిరిగి ఉంటే మార్చేయండి.

వానాకాలం మొత్తం ఈ ఏర్పాటును తెరవకుండా వదిలేయకండి. శ్రావణ అమావాస్యకు పోలా పండగ వచ్చేసరికి బండి చాలా నీళ్లు చూసి ఉంటుంది. అప్పుడొకసారి క్యాప్ విప్పి, లోపలి ఇత్తడి కొనలు పచ్చబడ్డాయేమో, పాయింట్ల కామ్ మీద గ్రీజు ఆరిపోయిందేమో, గాలి గొట్టాల చివరి ఫిల్టర్లలో ఎర్రమట్టి పేరుకుందేమో చూడండి. ఫిల్టర్ మూసుకుపోతే గొట్టం ఉన్నా లేనట్టే, డెల్కో మళ్లీ నీళ్లనే పీలుస్తుంది. బూట్ల లోపలి పాత గ్రీజు తుడిచేసి కొత్తది రాసి, అచ్చు గాస్కెట్ ఎక్కడైనా చిరిగి ఉంటే మొత్తం గీకేసి మళ్లీ వేసుకోండి.